రూటర్ ఉన్న గది

వైఫై గీతలు రెండే, నాలుగు ఉండాల్సిన చోట రెండు, అందులో రెండోది వెలుగుతూ ఆరుతూ నాతో ఆడుకుంటోంది, దీని మొహం మండ, మొన్ననే అట్టపెట్టె విప్పిన కొత్త కంప్యూటరు, మూత మీది పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఇంకా పీకలేదు, నా కూతురు పిచ్చుక పీకుతానంటే వద్దన్నాను, మామూలుగానే అన్నాను, అయినా వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది, తొమ్మిదేళ్ల పిల్లకి అంత భయమేమిటో, నేనేమన్నానని, సరే అది తర్వాత, ఇప్పుడు పది ఇరవై, పదకొండింటికి విచారణ, మేనేజరు ఎక్కడో హెడ్డాఫీసులో కూర్చుని ఈ తెర మీద నా మొహం చూసి నన్ను ప్రింటింగ్ ప్రెస్సులో ఉంచాలో పీకెయ్యాలో తేలుస్తాడు, శాంతంగా కనపడు అన్నాడు యూనియన్ పెద్దాయన, నువ్వేం చెప్పావన్నది కాదురా, ఎలా కనపడ్డావన్నదే చూస్తారు, ఇరవై రెండేళ్ల సర్వీసు, చెయ్యి జారింది అను, ఇదే మొదటిసారి అను, క్షమించమను, మూడే ముక్కలు, అద్దం ముందు నిలబడి నేర్చుకో, నేర్చుకున్నాను, గడ్డం గీసుకున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, శాంతంగానే ఉన్నాను, కానీ శాంతంగా కనపడాలంటే నాలుగు గీతలు కావాలి కదా, ఈ రెండు గీతల్లో పెట్టి చూసుకుంటే నా మొహం సగంలో ఆగిపోయి, నోరు వంకరపోయి, కళ్ళు సగం మూసుకుని, ఎవరు చూసినా వీడు కొట్టేవాడే అనుకుంటారు.

తెర మధ్యలో ఆ గుండ్రటిది తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, చూస్తుంటే దవడ బిగుసుకుంటోంది, మూతనీ అడుగునీ రెండు చేతులతో పట్టుకుని వెనక్కి విరిస్తే ఏ చప్పుడొస్తుందో నాకు తెలుసు, ముందు చిన్నగా చిటుక్కుమంటుంది, తర్వాత అద్దం, పాతది పడిపోయినప్పుడు విన్నాను, మూడు వారాల కిందట పాత కంప్యూటరు బల్ల మీదినుంచి పడిపోయింది, పోనీ విచారణకి ఫోన్లో కూర్చుందామంటే ఫోను కెమెరా అద్దం పగిలి ఉంది, అదీ పడిపోయిందే, మా ఇంట్లో వస్తువులు కాస్త ఎక్కువగా పడిపోతుంటాయి, కప్పులు, రిమోటు, ఒకసారి ఇస్త్రీపెట్టె, ఏం చేస్తాం, ప్రెస్సులో కాగితాలు కోసే ఆ బైండరుగాడు కూడా పడ్డాడు, స్టూలు మీదినుంచి, మూడు వేల కాగితాలు, గీత మీద కొయ్యరా అంటే గీతకి వేలెడు లోపలికి కోశాడు, అక్షరాల తలలు తెగిపోయాయి, పొద్దుటినుంచి మెషిన్ పక్కన నిలబడి రంగు మీద రంగు కుదిరేలా నేను చచ్చీచెడీ వేయించిన కాగితాలు, ఇదేమిట్రా అంటే నవ్వాడు, పోనీలెండి ఫోర్‌మన్‌గారూ అని నవ్వాడు, నా చేతిలో అడుగున్నర స్టీలు స్కేలుంది, కొట్టాలని పట్టుకున్నది కాదు, చేతిలో ఉంది, అంతే, దాని అంచు వాడి చెవి మీద పడింది, ఒకసారి కాదు, రెండోసారి కూడా, స్టూలు దొర్లింది, వాడు చెవి పట్టుకుని కింద కూర్చున్నాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి కాగితాల మీద పడింది, నవ్వు ఆగిపోయింది, ఆగిపోగానే నాకు హాయిగా అనిపించింది, ఈ ఒక్క మాట యూనియన్ పెద్దాయనకి చెప్పలేదు.

కస్టమర్ కేర్ అమ్మాయి లైన్లోకి వచ్చేసరికి పదిన్నర, గొంతు చల్లగా ఉంది, సార్ మీరు కంగారు పడకండి అంది, నేను కంగారు పడుతున్నానని దీనికెవరు చెప్పారు, కంగారేమీ లేదమ్మా, సిగ్నలే లేదు అన్నాను, చిన్నగా నవ్వింది, ఎగతాళి నవ్వు కాదు, అయినా పట్టుకుందామంటే ఫోన్లో గొంతే తప్ప మెడ దొరకదు, కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి సార్, చేశాను, అవే రెండు గీతలు, పోనీ సార్ మీ నెట్ పేరు మీద నొక్కితే మర్చిపో అని వస్తుంది, అది నొక్కి పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టండి, నొక్కాను, నిజంగానే మర్చిపోయింది, నన్నెప్పుడూ చూడనట్టు పాస్‌వర్డ్ అడిగింది, ఎంత సుఖం దీనికి, కొట్టాను, మూడు గీతలు, ప్రాణం లేచొచ్చింది, అంతలోనే రెండు, పిడికిలితో బల్ల మీద గుద్దాను, టీ కప్పు ఎగిరి దొర్లింది, టీ ఇస్త్రీ చొక్కా అంచుకి అంటింది, అటువైపు ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ మౌనం నాకు బాగా తెలుసు, అది మా ఇంట్లో మౌనం, తర్వాత ఇంకా మెల్లగా, ఇంకా మర్యాదగా, సార్ మీ రూటర్ మీకెంత దూరంలో ఉంది అంది, పక్కనే, టీవీ అరలో, నాలుగడుగులుండదు అంటూ తల తిప్పాను, అరలో రూటర్ లేదు.

అరలో రూటర్ అంత మేర దుమ్ము తక్కువగా ఉంది, అంతే, ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా అని నా భార్యకి కలిపాను, కళ్ళద్దాల షాపులో పని ఆమెది, రెండో రింగుకే ఎత్తుతుంది, ఎప్పుడూ రెండో రింగుకే, మూడోది మోగనివ్వదు, రూటర్ ఏదే అన్నాను, అటువైపు ఎవరో అద్దాలు మార్చుకుంటూ దగ్గరివి కనపడటంలేదంటున్నారు, రూటర్ ఏదే అని మళ్ళీ అన్నాను, ఏమండీ నేను మధ్యాహ్నం వచ్చి చూస్తాను, మీరేమీ కదపకండి అంది, పదకొండింటికి విచారణ పెట్టుకుని మధ్యాహ్నం చూస్తావా అన్నాను, నా గొంతు నాకే గోడకి తగిలి వినపడింది, ఆమె షాపుకొచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతులోకి మారిపోయింది, అలాగేనండి, తప్పకుండానండి, కోపం తెచ్చుకోకండి, పిచ్చుక మూడింటికి కదా వచ్చేది, అంది, ఎందుకు ఆ మాట, ఇప్పుడు పిచ్చుక సంగతెందుకు, ఫోను కట్ చేశాను, ఇంటికి రానీ చెప్తాను అనుకున్నాను, చెప్తాను అంటే ఏం చెప్తానో నా చేతికి తెలుసు, వేళ్ళు అప్పుడే దగ్గరకొస్తున్నాయి.

వైరుంది, గోడలోంచి వచ్చే తెల్లటి వైరు, అరలోకి వెళ్ళడంలేదు, గోడ అడుగున నేలకి ఆనుకుని పాకుతోంది, జానెడు జానెడుకి ఒక క్లిప్పు, క్లిప్పుకో చిన్న మేకు, ఒక్క మేకూ వంకరపోలేదు, ప్రెస్సులో మా ఎలక్ట్రీషియన్ కూడా ఇంత పొందిగ్గా కొట్టడు, ఎవరు కొట్టారు ఇది, రెండు ఆదివారాల కిందట నేను పడుకుని ఉంటే టక్ టక్ మని సుత్తి చప్పుడు, ఏమిటే అంటే గోడ గడియారానికి మేకండీ అంది, గడియారం పాత మేకు మీదే ఉంది, అప్పటికి ఆమె కుడి మణికట్టుకి ఇంకా కట్టుంది, ఎడమచేత్తో కొట్టి ఉంటుంది, బాత్రూములో జారిపడ్డానని షాపులో చెప్పింది, డాక్టరుకీ అదే చెప్పింది, నేను పక్కనే కూర్చుని టైల్స్ నునుపండీ డాక్టర్‌గారూ అన్నాను, ఎన్నిసార్లు అన్నానంటే నా కళ్ళకి తడి టైల్స్ కనపడటం మొదలైంది, టైల్స్ లేవు, పాత కంప్యూటరు పడిపోలేదు, పిచ్చుక ఏదో బొమ్మల సినిమా పెట్టుకుంది, ఆ గుండ్రటిది ఇలాగే తిరుగుతోంది, తీసెయ్యవే అన్నాను, అయిపోవస్తోంది నాన్నా అంది, నేను ఎత్తి పడేశాను, పడెయ్యడం కాదు, విసిరాను, గోడకేసి కాదు, పిల్ల ఉన్న వైపుకే విసిరాను, నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది, చిటుక్కుమన్నది మూత మడత కాదు.

వైరు మూల తిరిగి సామాన్ల గది తలుపు కిందకి దూరింది, సామాన్ల గదంటే కిటికీ లేని గది, పాత సూట్‌కేసులూ మడత మంచమూ ఉండే గది, దాంట్లోకెళ్తే ఫోను కూడా చచ్చిపోతుంది, సిగ్నలన్నది రాదు, నేనే ఎన్నోసార్లు జోకులేశాను, అలాంటిచోట రూటరెందుకు, తలుపు మీద నా మోకాలి ఎత్తున చెక్క పగిలి ఉంది, అది నా చెప్పు దెబ్బ, కంప్యూటరు విసిరిన ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఇందులోకే పారిపోయారు, తన్నాను, నాలుగుసార్లో అయిదుసార్లో, లోపల్నుంచి పిల్ల పిన్నికి ఫోన్ చెయ్యమ్మా అని ఏడుస్తోంది, పోవట్లేదే, సిగ్నల్ లేదే అంటోంది తల్లి, ఫోన్ చేస్తారా, నా మీద ఫోన్ చేస్తారా, తర్వాత అలసిపోయి తలుపుకి నుదురానించి సారీనే, తియ్యి, ఇంకేమీ అనను అన్నాను, ఏడ్చాను కూడా, నిజంగానే ఏడ్చాను, పాపం తీసింది, తియ్యగానే జుట్టు పట్టుకున్నాను.

తలుపు తోశాను, లైటు వేశాను, లోపలివైపు రెండు కొత్త గడియలు, పైనొకటి, కింద పిల్ల ఎత్తున ఒకటి, ఇంకా మెరుస్తున్నాయి, నేల మీద చాప, రెండు దిళ్ళు, నీళ్ళ సీసా, బిస్కెట్ల పొట్లం, టార్చిలైటు, పిచ్చుక లెక్కల పుస్తకం, చార్జింగులో పెట్టి ఉన్న నా భార్య పాత ఫోను, అర మీద రూటర్, ఆకుపచ్చ దీపాలు నాలుగూ నిలకడగా వెలుగుతున్నాయి, సిగ్నల్ రాని ఈ గదిలో నా ఫోను ఇప్పుడు వైఫై మీద పలుకుతోంది, కస్టమర్ కేర్ అమ్మాయి సార్ దొరికిందా అంటోంది, దొరికిందమ్మా, లోపలి గదిలో ఉంది, అయ్యో అదే సార్ సమస్య, గోడలు అడ్డమొస్తాయి, కంప్యూటర్ది ఏ తప్పూ లేదు, రూటర్ తెచ్చి మళ్ళీ హాల్లో పెట్టెయ్యండి, రెండు నిమిషాల పని, టైము పది యాభై, రెండు నిమిషాలు చాలు, ప్లగ్గు మీద చెయ్యి వేశాను, ప్లగ్గు పైన గోడకి అంటించిన కాగితం ఉంది, పెన్సిలు రాత, గుండ్రటి పెద్ద అక్షరాలు, ముందు పై గడియ అమ్మ, కింది గడియ నేను, తర్వాత లైటు ఆపాలి, తర్వాత పిన్నికి వైఫై ఫోను, పిన్ని ఎత్తకపోతే పోలీసు, ఏడవకూడదు, వినిపిస్తుంది, నాన్న సారీ అన్నా తియ్యకూడదు, ఏడ్చినా తియ్యకూడదు, దాని కింద వరసగా అంకెలు, నలభై సెకన్లు, ముప్ఫై ఒకటి, ఇరవై రెండు, ఇరవై రెండు పక్కన చిన్న నక్షత్రం బొమ్మ.

నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా హాల్లో పరుగులు వినపడేవి, తల్లీ కూతురూ ఆడుకుంటున్నారనుకునేవాణ్ణి, నీళ్ళు పోసుకుంటూ పాట కూడా పాడుకునేవాణ్ణి, ఆడుకునేవాళ్ళకి నవ్వు రాదా, ఒక్కసారైనా నవ్వు వినపడిందా అని అనుకోనేలేదు, నానుంచి పారిపోవడం సాధన చేశారు, నా ఇంట్లో, నేను ఒంటికి సబ్బు రాసుకుంటుంటే, ఒళ్ళు మండింది, కాగితం చింపి ముద్ద చేసి నోట్లో కుక్కుకోవాలనిపించింది, ఆ గడియలు గుప్పిట్లో పట్టి స్క్రూలతో సహా ఊడబెరకాలనిపించింది, చెయ్యి లేచింది కూడా, లేచిన చేతిని చూశాను, చొక్కా అంచు మీద టీ మరక, ఇదే చెయ్యి, స్కేలు పట్టినదీ, డాక్టరు దగ్గర ఆమె భుజం నిమిరినదీ ఇదే, సార్ లైన్లో ఉన్నారా అంది ఆ అమ్మాయి, మీకు సాయం కావాలంటే నేను ఉంటాను సార్, రూటర్ హాల్లో పెట్టారా, చెయ్యి దించాను, వద్దమ్మా, అది ఉండాల్సిన చోటే ఉంది అన్నాను, ఆమెకి అర్థం కాలేదు, మరి మీ సమస్య సార్ అంది, నాది నేను చూసుకుంటానమ్మా అని పెట్టేశాను.

కంప్యూటరు తెచ్చి గడపకి ఇవతల నేల మీద పెట్టాను, నాలుగు గీతలు నిండుగా వచ్చాయి, మళ్ళీ లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు, చాప మీద కూర్చోబుద్ధి కాలేదు, గడప ఇవతలే, తలుపు తన్నిన చోటే కూర్చున్నాను, పదకొండు, మేనేజరు మొహం శుభ్రంగా కనపడింది, నా మొహం కింద మూలన చిన్న డబ్బాలో, ఎక్కడా ఆగిపోవడంలేదు, చెయ్యి జారిందని రాశారు, నిజమేనా అన్నాడు, కాదండి, రెండుసార్లు కొట్టాను అన్నాను, ఆయన కాగితం మీదినుంచి తలెత్తాడు, ఇదే మొదటిసారి అని మీ యూనియన్ రాసింది, అద్దం ముందు నేర్చుకున్న మూడు ముక్కలూ నోట్లోనే ఉన్నాయి, నా కళ్ళు మాత్రం కెమెరా మీద లేవు, హాల్లో నా కుర్చీ మీద ఉన్నాయి, ఆ కుర్చీనుంచి ఈ తలుపుకి ఎనిమిది అడుగులు, నాకు కోపమొస్తే మూడు సెకన్లు, పరుగులు తీసి తీసి వాళ్ళు ఇరవై రెండుకి వచ్చారు, నక్షత్రం పెట్టుకున్నారు, ఎంత పరిగెత్తినా ఇంకో అయిదో ఆరో తగ్గుతుందేమో, మూడుకి మాత్రం రాదు, పిచ్చుకకి ఆ లెక్క ఇంకా తెలియదు, మొదటిసారి కాదండి, ఇంట్లో చాలాసార్లు అన్నాను, ఆయన ఏదో అంటున్నాడు, పెదవులు స్పష్టంగా కదులుతున్నాయి, సిగ్నలు చాలా బాగుంది, నేను గోడ మీది గడియారం చూస్తున్నాను, మూడింటికి పిచ్చుక బడినుంచి వస్తుంది, అది వచ్చేలోపు నేను ఈ ఇంట్లోంచి వెళ్ళిపోవాలి.