వినబడితే నొక్కండి

"వినబడితే నొక్కండి. ఎంత సన్నగా వినబడినా సరే, నొక్కండి. వినబడకపోతే ఊరుకోండి."

చెవి ఆసుపత్రిలో ఈ నాలుగు ముక్కలూ ఆమె ఎన్ని వేల చెవుల్లో వేసిందో లెక్కలేదు. చప్పుడు చొరబడని చిన్న గది, దానికో గాజు కిటికీ. అవతల హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో బటన్ పట్టుకుని కూర్చున్న మనిషి. ఇవతల యంత్రం ముందు ఈమె. ఈమె శబ్దం పంపాలి, వాళ్ళు నొక్కాలి. ఇంత తేలికైన పనిలో అబద్ధాలాడేవాళ్ళుంటారంటే మీరు నమ్మరు గాని, బోలెడంతమంది ఉంటారు. చెవుడొచ్చిందని ఒప్పుకోవడానికి నామోషీ కొందరికి. వాళ్ళు గాజులోంచి ఈమె చెయ్యి వంక కన్నార్పకుండా చూస్తారు. వేలు కదిలిందా, టక్కున నొక్కేస్తారు. వాళ్ళని పట్టడానికి ఈమెకో ఉపాయం ఉంది. చెయ్యి కదుపుతుంది, శబ్దం మాత్రం పంపదు. అప్పుడూ నొక్కారంటే దొంగ దొరికినట్టే.

ఆమె ఉద్యోగంలో ఆఖరి రోజున బాయిలర్ తాత అలాగే దొరికిపోయాడు. జీవితమంతా ఫ్యాక్టరీలో బాయిలర్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న పెద్దాయన. ఆమె ఏమీ పంపలేదు, ఆయన నొక్కాడు. మళ్ళీ పంపలేదు, మళ్ళీ నొక్కాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"తాతా, నిజం చెప్పు. వినబడిందా?"

"లేదమ్మా."

"మరెందుకు నొక్కావు?"

"నువ్వు నా వంకే చూస్తూ కూర్చున్నావు. నిన్ను ఉత్తినే కూర్చోబెట్టడం బాగుండదనిపించింది."

మరొకరోజైతే ఆమె నవ్వేసేదే. ఆ రోజు నవ్వు రాలేదు. తనూ అచ్చం ఇదే పని చేసి ఉంది మరి. తాత నొక్కిన దానికి మహా అయితే మళ్ళీ పరీక్ష చేస్తారు. ఈమె నొక్కిన దానికి మొగుడూ పెళ్ళాం పదేళ్ళపాటు సముద్రం అవతలికి పోతున్నారు.

వాళ్ళ క్రైస్తవ సంఘంలో 'పిలుపు' అంటే పెళ్ళి పిలుపూ కాదు, భోజనాల పిలుపూ కాదు. ఫలానా చోటికి వెళ్ళు, ఫలానా పని చెయ్యి అని ప్రభువే మనిషిని పిలవడం. ఒక ఆదివారం ఎవరో మిషనరీ వచ్చి, నీళ్ళు లేని కొండల దేశం ఒకటి తెర మీద చూపించాడు. పంపులు బిగించి, అక్కడివాళ్ళకి పని నేర్పి, బైబిలు వాక్యం కూడా చెప్పగల మనిషి కావాలన్నాడు. ఈమె భర్త ఊళ్ళో పేరున్న పంపుల మేస్త్రి. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. "నాకేదో పిలిచినట్టుందే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగుంది. పెళ్ళైన కొత్తలో చూసిందంతే, మళ్ళీ అప్పుడే చూడటం.

మిషన్ పెద్దలు భార్యాభర్తల్ని విడివిడిగా పిలిచి అడుగుతారు. ఇద్దరిలో ఏ ఒక్కరికి పిలుపు లేకపోయినా పంపరు. మంచి నియమమే, కాదనడానికి లేదు. ముందు ఆమెను పిలిచారు. ఆ గది తలుపుకి గాజు పలక ఉంది. అవతల బెంచీ మీద భర్త, పాలిష్ పెట్టిన బూట్లు, తడిపి దువ్విన జుట్టు. "అమ్మా, నీకు పిలుపు వినబడిందా?" అన్నారు మిషన్ పెద్దల్లో ఒకాయన. ఆమె గాజులోంచి ఆ బూట్ల వంక చూసింది. ఆయన దారికి తను అడ్డురాయి కావడమేమిటని అనుకుంది. తల ఊపింది. నోటితో ఒక్క ముక్క కూడా అనలేదు.

అప్పట్నుంచి పిలుపు కోసం ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ఇవాళ కాకపోతే రేపైనా రాకపోతుందా, వస్తే అబద్ధం కాస్తా నిజమైపోతుంది కదా అని ఆశ. ఉపవాసాలుంది. మోకాళ్ళ మీద నిద్రపోయింది. చివరికి మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు చొరబడని గదిలోకే వెళ్ళి, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని తలుపు బిగించుకునేది. ఊరు మొత్తమ్మీద అంత నిశ్శబ్దమైన చోటు ఇంకెక్కడుంది? "ప్రభువా, గట్టిగా అక్కర్లేదు. ఎంత సన్నగా పిలిచినా చాలు. నావి మంచి చెవులే" అని బతిమాలుకునేది. ఆ గదిలో కాసేపుంటే మన నెత్తురు పారుతున్న హోరు మనకే వినిపిస్తుంది. ఆమెకు అదొక్కటే వినిపించింది. రోజూ అదే హోరు, దాని మీద ఒక్క మాటైనా లేదు. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని, తర్వాతి రోగిని పిలిచేది.

పిలుపుంటే ఎంత కష్టమైనా ఓర్చుకోవచ్చు. లేకుండా పదేళ్ళు! అక్కడ చెవి ఆసుపత్రి లేదు, ఆ యంత్రం నడపడానికి కరెంటే లేదు. ఆమెకు చేతనైన పని ఒక్కటీ ఆ కొండల్లో అక్కర్లేదు.

ప్రయాణం పనులు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. సూదులు పొడిపించుకున్నారు. ఆ దేశపు భాషలో నీళ్ళు, ఉప్పు, నొప్పి అనే మాటలు నేర్చుకున్నారు. అక్కడ పళ్ళ డాక్టరు ఉండడు కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు పీడించబోయే జ్ఞానదంతాన్ని ముందే పీకించుకోమన్నారు. పీకించుకుంది. దవడ బూరెలా పొంగింది. సామాను కట్టడానికొచ్చిన అక్క ఆ దవడ చూసి ముందు పకపకా నవ్వింది. అక్క దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలదు.

"ఉన్న కాస్త జ్ఞానమూ పీకించుకుని బయల్దేరుతున్నావన్నమాట."

"నవ్వించకే అక్కా. నొప్పి."

"అయినా ఒక మాట అడుగుతా. మా మరిదిని పిలిచాడు సరే, నిన్నూ పిలిచాడా?"

"పిలిచాడు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

ఆమె దవడకి తడిగుడ్డ ఒత్తుకుంటూ మొహం పక్కకి తిప్పుకుంది. అక్క చేతిలో కత్తెర కింద పెట్టేసింది.

"పిలవని పేరంటానికి పోతున్నావే పిచ్చిదానా! ముందు మీ ఆయనకి చెప్పు. ఇంకా మించిపోయింది లేదు."

అక్క అంతటితో వదల్లేదు, వెళ్ళేదాకా చెవినిల్లు కట్టుకుని పోరింది.

శనివారం పొద్దున ఇల్లు దాదాపు ఖాళీ. మంచం పోయింది, బీరువా పోయింది. అవి ఉన్నచోట గోడ మీద మాసిపోని సున్నం మాత్రం మిగిలింది. ఆయన పెట్టెకి తాడు బిగిస్తున్నాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏమండీ, ఒక మాట. కోప్పడకండి."

"ఊఁ."

"నాకు పిలుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, ఇవాళ్టికీ రాలేదు. పెద్దల ముందు అబద్ధం చెప్పాను."

తాడు ఆయన చేతుల్లో అలాగే ఉండిపోయింది. కేకలేస్తాడనుకుంది. ఆయన పెట్టె మీద మెల్లగా కూలబడ్డాడు.

"మరి తల ఊపావుగా."

"మీరెక్కడ చూశారు?"

"గాజులోంచి. బెంచీ మీద కూర్చుని నిన్నే చూస్తున్నా." ఆయన తాడు కొసని వేలికి చుట్టుకుంటూ మాట్లాడాడు. "ఆ రోజు లోపలికెళ్ళి కాదని చెప్పేద్దామనుకున్నానే. నాకేదో అనిపించిన మాట నిజమే. అది పిలుపో, ఉన్న ఊళ్ళో విసుగెత్తిపోయిందో నాకే తేల్లేదు. ఇంతలో నువ్వు తల ఊపావు. పొద్దస్తమానం చెవులు పరీక్షించే మనిషివి, వినబడనిది వినబడిందంటావా? నీకు వినబడిందంటే ఉందన్నమాటే అనుకున్నా. లోపలికెళ్ళి, విన్నానని చెప్పేశా."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ తనకి లేకపోయినా ఆయనకుంది కదా అని, ఆ ఒక్క ఊతం పట్టుకుని నెట్టుకొచ్చింది. అదీ లేదు. తను ఆయన మొహం చూసి నొక్కింది, ఆయన తన తల చూసి నొక్కాడు. శబ్దం ఎవరూ పంపలేదు.

"ఒకవేళ ఇలా తీసుకెళ్ళడమే ప్రభువు పద్ధతేమో" అన్నాడు చివరికి, ఆశగా.

"శబ్దం పంపనప్పుడు నొక్కితే దాన్ని వినికిడి అనరండీ. ఇంకేదైనా అనండి."

ఆయన లేచి, పెట్టెకి బిగించిన తాడు విప్పేశాడు.

"రేపు వీడ్కోలు కూడికలో పాస్టరు అయ్యగారు అడుగుతారుగా, పిలుపు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండని. ఎత్తొద్దు. నువ్వూ ఎత్తకు, నేనూ ఎత్తను."

"సంఘం మన మొహాన ఉమ్మేస్తుంది."

"తుడుచుకుందాం. కొన్నాళ్ళు మీ అక్క ఇంట్లో ఉందాం. పానా పట్టుకున్న చెయ్యి ఎక్కడైనా బతుకుతుంది." కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "ఒకవేళ ఈలోపల నీకు నిజంగానే వినబడిందనుకో?"

"వినబడితే ఎత్తుతాను" అంది ఆమె, ఆసుపత్రి గొంతుతో. "వినబడకపోతే ఊరుకుంటాను."

"నువ్వెత్తితే నేనూ ఎత్తుతా. లేకపోతే లేదు."

ఆ పూట వాళ్ళిద్దరూ ఖాళీ ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుని, ఒకే కంచంలో చల్లారిన అన్నం తిన్నారు. చాలాకాలం తర్వాత ఆమె గుండె మీంచి బండ దించినట్టయింది.

ఆదివారం సంఘం కిటకిటలాడింది. పాటలు, పూలదండలు, ముసలమ్మల కన్నీళ్ళు. భార్యాభర్తల్ని ముందుకు పిలిచి జనానికి ఎదురుగా నిలబెట్టారు. ఇద్దరి మధ్యా జానెడు దూరం. అయ్యగారు పుస్తకం మూసి, గొంతు సవరించుకున్నారు.

"ఈ పరిచర్యకు ప్రభువే మిమ్మల్ని పిలిచాడని మీరు నమ్మితే, సంఘం ఎదుట మీ చేతులెత్తండి."

అంత పెద్ద హాలు ఒక్కసారిగా ఆ చిన్న గదిలా అయిపోయింది. అందరి కళ్ళూ వాళ్ళ మీదే. ఆమె చేతులు రెండూ పక్కల బిగబట్టి నిలబడింది. ఆయన తలవంచుకున్నాడు, కానీ ఓరకంట ఈమె చెయ్యినే చూస్తున్నాడు. ఇంకొక్క క్షణం. ఆ ఒక్క క్షణం ఓర్చుకుంటే అయిపోతుంది.

బిగబట్టిన పళ్ళ వల్లనో ఏమో, పన్ను పీకిన చోట సలుపు పుట్టింది. దవడ నుంచి చెవిలోకి ఒక్క పోటు. ఆమె ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే దవడ వైపు లేచింది.

పక్కనే ఆయన చెయ్యి ఆకాశానికి లేచింది.

అరచెయ్యి దవడకి చేరకముందే ఆమె ఆయన మొహం చూసింది. తడిసిన కళ్ళు, వణికే పెదవులు, అన్నం ముందు కూర్చున్న నాటి వెలుగు. అది కాదండీ, పన్ను అని అరవాలనుకుంది. ఎదురుగా కొన్ని వందలమంది. పక్కన చెయ్యెత్తిన ఒక్క మనిషి. ఆ చెయ్యి అలా గాలిలో ఒంటరిగా ఉంటే ఆమె చూడలేకపోయింది. దవడ దగ్గర ఆగిన చేతిని మెల్లగా పైకి ఎత్తింది.

"స్తోత్రం!" అని హాలు దద్దరిల్లింది. ముందు వరసలో అక్క మాత్రం చెల్లెలి దవడ వంకే చూస్తోంది.

ఆ హోరులో ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"వినబడిందా?"

ఆమెకు పన్ను సలుపుతోంది. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"ఊఁ" అంది.