బియ్యం సంచిలో సీరియల్ లైట్లు

క్రిస్మస్ అయిపోయాక సీరియల్ లైట్లను నా భార్య కావేరి ఒక వెదురు బద్దకు చుట్టి అటక మీద పెట్టేది. వల అల్లే దారాన్ని వాళ్ల నాన్న అలాగే చుట్టేవాడట. మళ్లీ డిసెంబరులో బద్ద తిప్పుతూ పోతే లైట్లు వాటంతటవే వచ్చేవి. నేను స్టూలు పట్టుకుని నిలబడితే చాలు.

పోయినేడు వాటిని కట్టిన రెండు రోజులకే ఆమె పోయింది. లోపల శవం ఉండగా వాకిట్లో ఎర్రగా పచ్చగా మెరుస్తుంటే బాగుండదని ఎవరో వాటిని లాగేసి బియ్యం సంచిలో కుక్కారు. ఎవరో నాకు తెలియదు. ఆ పని నాకు తప్పించారు.

ఈ దీవిలో, మా ఆస్టినాబాద్‌లో క్యారల్స్ పాడేవాళ్లు చావు జరిగిన ఇంటి ముందు ఏడాదిపాటు ఆగరు. డోలక్ ఆపి మెల్లగా దాటిపోతారు. ఏడాది నిండాక ఆ ఇంట్లో లైట్లు వెలిగితే ఆగుతారు. లేకపోతే ఇంకా వద్దనుకుంటున్నారని వెళ్లిపోతారు. మాకు ఏడాది నిండింది. డోలక్ వాయించే యుగంధర్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అంకుల్, సాయంత్రం మీ లైన్‌కే వస్తున్నాం. రుక్‌నా హై క్యా?"

"లైట్లుంటే ఆగండి బాబూ."

వాళ్లు రావాలనీ లేదు, వద్దనీ లేదు. కానీ పోయినేడు డోలక్ ఆగిపోయాక, మా గేటు దాటేదాకా వాళ్ల చెప్పుల చప్పుడు విన్నాను. అది ఇంకోసారి వినలేననిపించింది.

సంచి బోర్లిస్తే పనసకాయంత ఉండ పడింది. ఒక కొస దొరికింది. లాగితే బిగుసుకుంది. ఇంకో కొస లాగాను. అదీ అంతే. చివరికి కత్తెర తెచ్చుకున్నాను. అప్పుడే కావేరి అక్క గవరమ్మ జంగ్లీఘాట్ నుంచి వచ్చి ఆటో దిగింది, పండక్కి వండిన గులాబీ పువ్వుల డబ్బాతో.

"ఏటి మరిదీ, కత్తెరేటి? చేప పొట్ట కోస్తావా?"

"రావట్లేదు వదినా. కొత్తవి కొంటాను."

"కొనుక్కో, కౌన్ రోకా, వద్దన్నదెవరు? దీన్ని మాత్రం కొయ్యకు. మా ఇంట్లో వల కోసినోడికి ఆ పూట కూడు పెట్టేవోరు కాదు."

ఉండను తీసుకెళ్లి బట్టలారేసే తాడుకు తగిలించింది.

"కొస జోలికి పోకు. కొస ఖీంచితే లోపల బిగిసిపోద్ది. నడిమిన వదులు చెయ్యి. ఆ... ధీరే, ధీరే."

ఇద్దరం చెరో వైపు నిలబడ్డాం. వైర్ల మధ్య నుంచి పోయినేటి షామియానా పురికొస ముక్కలు వచ్చాయి. ఎండిన గులాబీ రేకులు కొన్ని వచ్చాయి. గవరమ్మ వాటిని ఏరి కొంగున ముడేసుకుంది.

ఈ నెలల్లో ఇక్కడ ఐదింటికే పొద్దుపోతుంది. చీకటి పడేసరికి ఒక్క వరస విడింది. తక్కినదంతా ఉండగానే ఉంది. సందు మలుపులో డోలక్ వినిపించింది.

"ఇక కాదు వదినా."

"ప్లగ్గు పెట్టు."

"ఇలాగేనా?"

"ఉండయితే వెలగదేటి?"

వెలిగింది. తాడు బరువుకు వంగింది. విడిన వరస జామచెట్టు దాకా వేలాడింది. పక్కింటి ముందు పాట అయిపోయింది. డోలక్ మా గేటు దగ్గరకొచ్చింది. ఆగలేదు గానీ, తడబడింది.

"అంకుల్, ఇదేంటి, స్టారా?" యుగంధర్ గొంతు.

"నీకు కనపడిందా లేదా?" అంది గవరమ్మ. "అయితే పాడండి."

పాడారు. ఏదో అనిపిస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు. డోలక్ మాత్రం మోగుతూనే ఉంది. గవరమ్మ పాట వింటూనే, వెలుగుతున్న వైర్ల మధ్య వేళ్లు పెట్టి ఇంకో ముడి వదులు చేస్తోంది. వేళ్లు ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా కనిపిస్తున్నాయి.

నేను లోపలికెళ్లి, అటక మీద నుంచి వెదురు బద్ద దింపి, తుడిచి, ఆమె పక్కన పెట్టాను.