మంచులో రెండు టీ కొట్లు

రొంపిచెర్ల దగ్గర మా ఊరి సెంటర్లో ఎదురుబొదురుగా రెండు టీ కొట్లు. మౌలాలీ కొట్లో ఒక పార్టీవాళ్లు తాగుతారు, సాంబశివరావు కొట్లో రెండోవాళ్లు. పొరపాటున కూడా అటువాళ్లు ఇటు రారు. నేను టీవీల్లో రాజకీయ విశ్లేషకుణ్ణి. ఏ పార్టీవాణ్ణీ కానని రోజూ చెప్పుకుంటాను.

మొన్న పొద్దున్నే రోడ్డూ బోర్డులూ జెండాలూ అన్నీ మంచులో కరిగిపోయాయి. ఎవరికి అందిన బెంచీ మీద వాళ్లం కూర్చున్నాం. పక్క మనిషి నీడలా కదులుతున్నాడు.

"మీ మిరపక్కూడా పురుగు పట్టిందా బాబాయ్?"

"చానా పట్టిందిరా. ఏం మందు కొట్టినా పోవట్లా."

గొంతులు గుర్తుపట్టలేదా అంటే, పట్టే ఉంటారు. పైకి మాత్రం ఎవరూ అనలేదు. ఒకరి బీడీకి ఇంకొకరు నిప్పిచ్చారు. నాకు ఒళ్లు మండింది. వీళ్లిట్లా కలిసి కూర్చుంటే సాయంత్రం టీవీలో నేనేం మాట్లాడాలి?

అంతలో ఎండ వచ్చింది. జెండాల రంగులు మెల్లగా తేలాయి. ఒక్కొక్కరే సగం తాగిన గ్లాసులు బెంచీ మీద పెట్టి, తల దించుకుని రోడ్డు దాటారు.

అప్పుడు చూసుకున్నాను. నేను కూర్చున్నది మౌలాలీ బెంచీ మీద.

ఏ పార్టీవాణ్ణీ కాని నేను, టీ వదిలేసి గబగబా రోడ్డు దాటాను.