అంగుళానికి మూడు వందల చుక్కలు

కడపలో చర్చి వెనక సందులో, ఇంటి ముందుగదిలోనే కృపమణి డీటీపీ షాపు. ఆ చుట్టుపక్కల పెళ్లికార్డుల్లో సగం ఆ గదిలో పుట్టి, దేవేంద్రప్ప ప్రెస్సులో అచ్చయి, చివరికి ఎవరింటి కిటికీ ఊచల మధ్యో చేరతాయి. ఎవరి పేరు ఏ వరసలో, ఎంత లావున ఉండాలని రెండు కుటుంబాలవాళ్లు ఆమె కుర్చీ వెనక నిలబడి కొట్లాడుకోవడం పదేళ్లుగా చూస్తోంది. పెండ్లికూతురి మేనమామ పేరు ఒక వరస కిందికి దిగినందుకు నెలరోజులు మాటలు లేని ఇళ్లు ఆమెకు తెలుసు. వాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకునేది. ఇప్పుడు కుర్చీ వెనక ఎవరూ లేరు. కార్డు సొంత ఇంటిది.

పెళ్లి వినీతది. వినీత, చెల్లెలు జెస్సీ కూతురు. భర్త పోయాక జెస్సీ ఆరేళ్ల పిల్లను అక్క దగ్గర వదిలి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. పదమూడేళ్లలో మూడుసార్లు వచ్చింది. ఈసారి పెళ్లికి ఆ ఇంటివాళ్లు సెలవు ఇవ్వం అన్నారు.

"నేను రాకపోయినా, అచ్చు కాకముందే కార్డు నాకు చూపించక్కా" అంది ఫోన్లో.

జెస్సీకి శుక్రవారం ఒక్క పూటే బయటికి రావడానికి వీలు. అక్కడ ఆరాధన కూడా శుక్రవారమే. చర్చి పక్కన ఒక మలయాళీ ఇంటర్నెట్ షాపు ఉంది. పోయిన శుక్రవారం కృపమణి పంపిన పీడీఎఫ్ అక్కడికి రానే వచ్చింది గానీ తెరుచుకోలేదు. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ షాపులో లేదు. ఫొటో అయితే తెరుచుకుంటుందట.

అచ్చుకు సిద్ధమైన ఫైలును ఫొటోగా ఎలా మార్చాలో, కర్నూలులో తనకు డీటీపీ నేర్పిన మేడం ఫోన్లో చెబితే కృపమణి క్యాలెండరు వెనక రాసుకుంది. మౌస్‌తో అయ్యే పని కాదు. నల్లతెర ఒకటి తెరిచి, పొడుగాటి కమాండ్ టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఒక్క గీత తప్పినా తెర నిండా తిడుతుంది. అంతా సరిగ్గా ఉంటే ఏమీ అనదు. భర్త రాజారత్నం కూర విషయంలో పాటించే పద్ధతీ అదే కాబట్టి, ఆ మౌనం ఆమెకు కొత్త కాదు.

ఆ కమాండ్ మధ్యలో ఒక అంకె ఉంటుంది, అంగుళానికి ఎన్ని చుక్కలు పడాలో చెప్పే అంకె. తక్కువ పెడితే ఫైలు చిన్నదై మెయిల్‌లో ఇట్టే వెళ్తుంది. గురువారం మధ్యాహ్నం, కరెంటు పోయేలోపు పని తెమలాలని డెబ్బై రెండు పెట్టి ఎంటర్ కొట్టింది.

ఫొటో వచ్చింది. గులాబీలు గులాబీల్లాగే ఉన్నాయి. పేర్లు మాత్రం బెల్లానికి పట్టిన చీమల్లా ఉన్నాయి. ఏ చీమ ఎవరో చెప్పలేం.

కృపమణికి ప్రాణం కొంచెం తేలికపడింది.

ఎందుకంటే కార్డులో 'మా ప్రియ కుమార్తె వినీత' అని ఉంది. ఆ 'మా' కింద పిలిచేవాళ్లుగా కృపమణి, రాజారత్నం. జెస్సీ పేరు అడుగున, దీవెనలు పంపే బంధువుల వరసలో, కువైట్ అని ఊరిపేరుతో సహా ఉంది. టైపు చేసేటప్పుడు వేళ్లు వాటంతటవే అలా పోయాయని ఎవరైనా అడిగితే చెప్పాలనుకుంది. పదేళ్లు టైపు చేసిన వేళ్లు వాటంతటవి ఎక్కడికీ పోవని ఆమెకూ తెలుసు. కన్నవాళ్ల పేర్లు ఎన్ని వందల కార్డుల్లో కూర్చిందో. ఒక్కసారి ఆ చోట తన పేరు ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ఉడకబెట్టిన శెనక్కాయల గిన్నెతో వినీత వచ్చి తెరలోకి తొంగిచూసింది.

"పెద్దమ్మా, అమ్మకు ఇది కనపడదు గదా?"

"గులాబీలు కనపడతాయిలే. తక్కినది ఫోన్లో చదివి చెప్తా."

"ఏమని చదువుతావు?"

కృపమణి ఒక శెనక్కాయ వలిచింది. లోపల గింజ లేదు.

"నాకేం తెలీదనుకుంటాండావా? మొన్ననే చూసినా. అది మీరూ మీరూ తేల్చుకోండి. నన్ను మాత్రం అడగద్దు" అని పిల్ల గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

కృపమణి మళ్లీ నల్లతెర ముందుకు జరిగింది. డెబ్బై రెండు చెరిపి మూడు వందలు పెట్టింది. ఈసారి అక్షరాలు సూదితో చెక్కినట్టు వచ్చాయి. ఫోన్ లైను మీద ఆ మెయిల్ వెళ్లడానికి ముప్పావుగంట పట్టింది. కరెంటు ఆ రోజు పోనేలేదు.

శుక్రవారం దేవేంద్రప్ప ముందు ఫోన్ చేశాడు. "ఏమ్మా, రేపు మిషన్ ఎక్కిస్తాండా. ఫైలు ఇస్తావా, పిలకాయలు పుట్టినంక ఇస్తావా?"

"సాయంత్రం దాకా ఆగు దేవేంద్రప్పా."

తర్వాత జెస్సీ.

"చూసినానక్కా. గులాబీలు శానా బాగుండాయి. నా పేరు యాడుండాదని వెతికినా. అడుగున దొరికింది."

"జెస్సీ..."

"తప్పు పట్టట్లేదక్కా. జరమొస్తే ఒళ్లో పెట్టుకున్యేది నువ్వు, జడలేసి బడికి పంపిచ్చింది నువ్వు. ఆ మాట యాడైనా చెప్తా."

"మల్ల?"

"పైన నా పేరు పెట్టక్కా. ఆ పొద్దు నువ్వు ఆడనే ఉంటావు. పిల్లకు కుచ్చిళ్లు సర్దుతావు, చెయ్యి పట్టుకోని చర్చిలోకి తీసకపోతావు. నాకు ఆ కాగితమొకటే గదా."

కృపమణి దగ్గర పదమూడేళ్ల జవాబు సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చింది కూడా.

"పెడతాలే. కొత్తది మళ్లీ పంపిస్తా. పెద్ద అక్షరాలతో" అంది.

పేర్లు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. 'నా ప్రియ కుమార్తె' కింద జెస్సీ. అడుగున, దీవెనల వరసలో కృపమణి, రాజారత్నం. ఫైలు దేవేంద్రప్పకు, ఫొటో కువైట్‌కు వెళ్లాయి.

పాత ఫైలు చెరిపేయాలి. పొరపాటున అది ప్రెస్సుకు పోతే అంతే సంగతులు. చెరిపే ముందు కృపమణి ఒకసారి గుమ్మంవైపు చూసింది. వినీత లోపల ఎక్కడో ఉంది. నల్లతెర తెరిచి, పాత ఫైలు పేరు కొట్టి, అంకె దగ్గర ఆరు వందలు పెట్టింది. అంత పెద్ద ఫొటో ఏ మెయిల్‌లోనూ పట్టదు. పట్టాల్సిన పనీ లేదు, అది తన దగ్గరే ఉండిపోయేది.

ఎంటర్ కొట్టింది. కంప్యూటర్ చాలాసేపు గురగురమని, చివరికి ఏమీ అనలేదు.