బోణీ చీర

నేను ఒక చీరను. ఉతికితే తడవను, మూరకు అందను. కంప్యూటర్లో ఒక మాయాలోకం ఉందనీ, అక్కడ మనుషులు బొమ్మల రూపంలో తిరుగుతూ అంగళ్లు పెడతారనీ, కొలువులు చేస్తారనీ, ఆ సంపాదన నిజం రూపాయలై బ్యాంకులో పడుతుందనీ మీరు వినే ఉంటారు. ఆ బొమ్మలు కట్టుకునే చీరను నేను. పక్కింటి మనిషి చిరుగుల బట్టతో తిరిగినా పట్టించుకోనివాళ్లు, తమ బొమ్మకు మాత్రం పట్టుచీర కొంటారు. వాళ్లను తిట్టే అర్హత నాకు లేదు, నా బతుకు వాళ్ల చలవే.

నన్ను నేసింది పుట్టపాక కౌసల్య. గుంటమగ్గం అమ్ముకున్నాక, అది ఉన్న గుంట మీద చెక్కలు పరిచి పాత కంప్యూటరొకటి పెట్టుకుంది. నూలుకు రంగులు కట్టిన చెయ్యి కదా, అదే ఓపికతో తెర మీద చుక్క చుక్కా పెట్టి నన్ను తయారుచేసింది. చివరికి దిష్టి తగలకుండా అంచులో ఒక ఎర్ర పోగు కావాలనే తప్పుగా వేసింది. ఈ అంగడి నడిస్తే మళ్లీ మగ్గం కొని ఆ గుంటలో దింపాలని ఆమె ఆశ.

అంగడి తెరవగానే సింహం తల బొమ్మ ఒకటి వచ్చింది. ఆ బొమ్మ వెనకున్న మనిషి రమాకాంత్, హైదరాబాద్‌వాడు. ఆ లోకంలో పెద్ద దుకాణదారు.

"అక్కా, బోణీ నాదే. నువ్వు చెప్పిన ధరకే తీసుకుంట. కాకుంటే హక్కులతోటి ఇయ్యాలె," అన్నాడు.

అక్కడ సరుకు అమ్మేటప్పుడు మూడు గళ్లు కనిపిస్తాయి. కొన్నవాడు నకలు తీయొచ్చా, మార్చొచ్చా, తిరిగి అమ్మొచ్చా అని. తెలిసినవాళ్లు వాటి జోలికి పోరు. కౌసల్యకూ తెలుసు. కానీ బోణీ బేరాన్ని వెనక్కి పంపిన ఇల్లు కాదు అది. మూడూ నొక్కి నన్ను ఇచ్చేసింది.

"మూడూ ఎందుకు నొక్కినవే?" అన్నాడు భర్త యాదగిరి.

"బోణీ కాదంటే లచ్చిమిని వాకిట్లకెంచి ఎల్లగొట్టినట్టే గదా," అంది.

లచ్చిమి ఎలాగూ వెళ్లిపోయింది. తెల్లారేసరికి నేను ఎందరినయ్యానో నాకే తెలియదు. రమాకాంత్ నా ఎర్ర పోగును సరిచేసి, తన పేరు తగిలించి, పావు ధరకు అమ్మకానికి పెట్టాడు. కౌసల్య అంగడికి మనిషి రాలేదు. ఈగలు తోలుకుందామన్నా ఆ లోకంలో ఈగలు లేవు.

ఆమె ఫిర్యాదు చేసింది. అక్కడ తీర్పరి ఒక యంత్రం. మా ఇద్దరినీ, అంటే ఆమె దగ్గర మిగిలిన అసలు చీరనూ రమాకాంత్ సరిచేసిన నన్నూ, పక్కపక్కన పరిచి చూసింది. ఒకదాంట్లో పోగు తప్పింది, ఇంకోదాంట్లో తప్పలేదు. తప్పున్నదే నకలని తేల్చి, కౌసల్య అంగడికి తాళం వేసి, దొంగ సరుకని బోర్డు పెట్టింది. నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని.

నెల తిరక్కముందే రమాకాంత్ పిలిచాడు.

"పని ఇస్తనక్కా. చీర కట్టుకొని నా దుకాణం ముంగట నిలబడు, చాలు. నేత సంగతి నీ అంత బాగ ఎవరు చెప్తరు?"

అందులో వెటకారం లేదు. నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఇల్లు గడవాలి కాబట్టి ఆమె ఒప్పుకుంది. రోజంతా కూర్చోవాలంటే కుర్చీ కింద చెక్కలు ఊగుతున్నాయని యాదగిరి బండెడు మొరం తెచ్చి గుంట పూడ్చేశాడు.

ఇప్పుడు నేను ఆమె బొమ్మ ఒంటి మీదే ఉన్నాను. కన్నతల్లి దగ్గరికి చేరానని సంతోషించాలి కాబోలు. నిన్న పొద్దున మొదటి గిరాకీగా వచ్చినామె నా కొంగు చూసి, "ఇది ఎవరు నేసిండ్రు?" అని అడిగింది.

"బోణీ గదక్కా, జర నవ్వు," అని రమాకాంత్ గొంతు ఆమె చెవిలో వినబడింది.

"మా సారే నేసిండమ్మా," అంది కౌసల్య.

ఆ లోకంలో నవ్వడానికి ఒక మీట ఉంటుంది. ఆమె దాన్ని నొక్కింది.