యర్రయ్య మృగమైన రోజు

ఇలా దగ్గరికి జరగండమ్మా, చేతుల్లో పని పక్కన పెట్టండి. ఇది చెవులతో కాదు, కళ్ళతో వినాల్సిన కథ.

ఖుర్సీపార్‌లో కోటమ్మ మొగుడు యర్రయ్య ఉక్కు ప్లాంటులో ఖలాసీ, అంటే బరువులు మోసే కూలీ. దుర్గ్‌లో ఫొటో స్టూడియో నడిపే రాజగోపాల్ కెమెరా ఒకటి అద్దెకు తెచ్చి, పిచ్చి శాస్త్రజ్ఞుడు మందు తాగి మృగమైపోయే సినిమా మొదలెట్టాడు. శ్రీకాకుళంలో పులివేషం కట్టిన ఒళ్ళు గనక యర్రయ్యే శాస్త్రజ్ఞుడు. మందు గులాబీ షర్బత్, పొగ సాంబ్రాణి.

మనిషి మృగం ఎలా అవుతాడో చూస్తే తప్ప కోటమ్మకు ముద్ద దిగేలా లేదు. పొద్దున్నే షూటింగుకు వెళ్ళి మూల నిలబడింది. "కదలకు!" అని రాజగోపాల్ కెమెరా ఆపాడు. యర్రయ్య చెంపకు కాస్త నల్లరంగు, కాస్త కొబ్బరిపీచు. కెమెరా తిరిగింది. మళ్ళీ ఆగింది. ఈసారి ముక్కు.

"ఓలమ్మో, ఇంతేనేటి! ముగ్గులాగ చుక్క చుక్కా పెడతన్నారు!"

"తెర మీద చూడక్కా, ఒక్క గుక్కలో మారిపోతాడు," అని నవ్వాడు రాజగోపాల్.

మధ్యాహ్నం కడగబోతే పీచు ఊడింది గానీ రంగు వదల్లేదు.

"ఏటి కలిపినావయ్యా ఇందల?" అని మొగుణ్ణి నిలదీసింది కోటమ్మ.

"వార్నీసే. మూడ్రోజులు సెమట పట్టినా పులి కరగకుండా మా అయ్య కలిపీవోడు," అన్నాడు యర్రయ్య.

"పులికి డూటీ నేదు. నీకుంది!"

రెండింటికి షిఫ్టు. గేటు దగ్గర పాసు మీది ఫొటోతో మొహం పోల్చి చూస్తారు. ఇప్పటికే రెండు నాగాలు. మూడోది పడితే పేరు కొట్టేస్తానని మేస్త్రీ చెప్పేశాడు. కోటమ్మ కిరసనాయిలు గుడ్డతో రుద్దింది, కొబ్బరినూనె పట్టించింది. కుడి చెంప తేలేసరికి సైరను కూసింది. మొగుణ్ణి లాక్కుని గేటుకు పరుగెత్తింది.

"యే కౌన్ హై?" కాపలావాడు లాఠీ ఎత్తాడు.

"హమారా ఆద్మీ హై, భయ్యా! సినిమా మే జాన్వర్ బనా!" మా ఆయనే, సినిమాలో మృగమయ్యాడంటూ కోటమ్మ మొగుడి పాసు లాక్కుని ఫొటోలో సగం మొహాన్ని బొటనవేలితో మూసింది. యర్రయ్య గడ్డం పట్టి కుడి చెంప కాపలావాడి వైపు తిప్పింది. "అబ్ దేఖో!"

వాడు ఫొటో చూశాడు, చెంప చూశాడు. నవ్వాపుకోలేక గేటు తీశాడు. "ఈ సగం లోపలికి పో, రెండో సగాన్ని రేపు కడిగి తే," అన్నాడు హిందీలో.

ఇది మరిచిపోకండమ్మా, మీ పిల్లలకీ చెప్పండి. రంగులూ పొగా మీకు తోచినట్టు పెంచుకోండి గానీ, ఆ బొటనవేలు మాత్రం కోటమ్మదేనని చెప్పండి.