థాంగ్ వారింటి పాతగుడ్డలు

కోతలు అయిపోగానే మా షివాన్ ఊళ్ళో ఇంటికో తలుపు ఊడదీస్తారు. దాని మీద పాతగుడ్డ పరిచి, పిండి గంజి పూసి, మళ్ళీ గుడ్డ, మళ్ళీ గంజి. అట్టలా ఎండాక అరికాలి కొలతకి కోసి, ఆరెతో పొడిచి, నారదారంతో కుడతారు. చలికాలమంతా మాకు ఆ గుడ్డజోళ్ళే. ఏ గుడ్డ ఎవరిదో మాత్రం చూసుకోవాలి. అట్టలో ఎవరి గుడ్డ ఉంటే జోళ్ళు వాళ్ళు పోయిన దారే పడతాయి. పోయినేడు లీ బాబాయి వాళ్ళన్న చొక్కాతో కుట్టిన జోళ్ళు తొడుక్కుని పొలానికని బయల్దేరి, పేకాట దగ్గర తేలాడు. పిన్ని ఆ జోళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేసుకుంది. చచ్చినవాళ్ళ గుడ్డయితే తిన్నగా శ్మశానం దిబ్బకే నడుస్తాయి. అందుకని దాన్నెవరూ ముట్టుకోరు.

ఇది థాంగ్ వారికీ తెలుసు. కాకపోతే ఊరి కట్టుబాట్లు ఊరివాళ్ళకే గాని తమకి కాదని వాళ్ళ ధీమా. ఎంగిలిచేత్తో కాకిని తోలని కొంప, గుమ్మానికి మాత్రం ఎర్రరంగు!

ఆ ఇంటి కొడుకు గుయిపావ్‌కి మా ఊరి పిల్ల సూజెన్‌ని అడిగారు. పెళ్ళిచూపుల్లో వాడు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తొక్కలు సూజెన్ కాళ్ళ దగ్గర ఉమ్ముతూ, "బరువులు మోస్తుందా అమ్మా ఇది?" అన్నాడు. సూజెన్‌కి వాణ్ణి చూస్తేనే రోత. కానీ వాళ్ళ నాన్న మాటిచ్చేశాడు. మా దగ్గర ఆడపిల్లవాళ్ళు మాట వెనక్కి తీసుకోరు. ఇక కాబోయే అత్తగారికి జోళ్ళు కుట్టి, నలుగురి ముందు తొడిగితే ముహూర్తమే.

పెళ్ళి కుదిర్చిన నియు పిన్ని, అత్తగారి అరికాలి కొలత కాగితంతో పాటు ఒక మూట కూడా తెచ్చింది.

"గుడ్డలు కూడా వాళ్ళే పంపారు" అంది, నేల చూపులు చూస్తూ. "మీ ఇంటి దరిద్రం ఆవిడ కాళ్ళ కింద ఉండకూడదట."

సూజెన్ నాయనమ్మ మూట విప్పింది. అడుగున ఆకుపచ్చ పూల రవిక కనిపించింది, రెండు పొడుగుచేతులతో.

"ఇది హొంగ్యేది కాదుటే? మొదటి కోడలిది!"

హొంగ్యే రెండేళ్ళ కిందట జ్వరంతో పోయిందని థాంగ్ వారు చెప్పారు. అంటురోగమంటూ ఎవర్నీ రానివ్వకుండా తామే పూడ్చి, దిబ్బ మీద ఒక మట్టికుప్ప పోసి వచ్చారు.

"చూడకుండా మూటలో పడేసినట్టుంది, తీసి అవతల పారెయ్యి" అంది నాయనమ్మ.

"వాళ్ళ సొత్తు పారెయ్యడానికి నేనెవర్ని నాయనమ్మా?" అంది సూజెన్. "కోడలి గుడ్డలక్కూడా కక్కుర్తిపడే మనిషి, ఒకసారి ఆ కోడలి సమాధి దాకా నడిచొస్తే కాళ్ళేం అరగవులే."

ఒక చెయ్యి కత్తిరించి అట్టలో వేసింది. ప్రతి కుట్టూ కసిగా బిగించింది.

తొడిగే రోజు ఊరంతా థాంగ్ వారి వాకిట్లో చేరింది. అత్తగారు కుర్చీలో కూర్చుని జోళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి మూతి ముడిచింది.

"ఇవి కుట్లా? కోడి గీరినట్టున్నాయి. మీ అమ్మ నీకు తినడమొక్కటే నేర్పినట్టుంది పిల్లా. సరే, తొడుగు."

సూజెన్ వంగి తొడిగింది. ఆవిడ లేచింది. కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి.

"ఆగండే, ఎక్కడికి?" అని ఆవిడ తన కాళ్ళనే గదమాయించింది. అవి వింటేగా! గేటు దాటాయి. జనం వెనకే నడిచారు, రవిక సంగతి థాంగ్ వారికి తప్ప ఊరందరికీ అప్పటికే తెలుసు కాబట్టి ఎవరికీ ఆశ్చర్యం లేదు, దిబ్బకే కదా అనుకున్నారు. నియు పిన్ని ముందే అటు తిరిగి నిలబడింది కూడా.

దిబ్బ దారి వచ్చింది. జోళ్ళు అటు తిరగలేదు. వాగు దాటి, పట్నం రోడ్డెక్కి, బస్సాగే చోట టక్కున నిలబడ్డాయి.

గుయిపావ్ నోట్లో గింజ నమలడం ఆపాడు.

"చచ్చిన మనిషికి బస్సెందుకమ్మా?" అంది నాయనమ్మ.

"గుడ్డ... గుడ్డ మారిపోయుంటుంది" అని గొణిగింది అత్తగారు.

"మీ మూటలోదే కదా. మా దరిద్రం ఒక్క పోగు కలిస్తే ఒట్టు" అంది సూజెన్.

అంతలో బస్సొచ్చింది. జోళ్ళు మెట్టెక్కబోతుంటే ఆవిడ తలుపు పట్టుకుని వేలాడి, కాళ్ళు విదిలించుకుని, దుమ్ములో చతికిలబడింది. జోళ్ళు మాత్రం ఎక్కేశాయి. కండక్టరు వాటిని సీటు కిందకి జరిపాడు.

పట్నం పారిపోయిన పెళ్ళాన్ని చచ్చిందని చెప్పి, ఉత్త మట్టికుప్ప పోసిన ఇంటికి ఏ తండ్రి పిల్లనిస్తాడు? పెళ్ళిచూపులప్పుడు వాళ్ళు కానుకగా పంపిన పందికాలు వాళ్ళ గుమ్మంలోనే పడేసి వచ్చాడు సూజెన్ నాన్న. ఆ రంగుగుమ్మం తొక్కడానికి ఇప్పుడు కుక్క కూడా ఇష్టపడదు.

మర్నాడు సూజెన్ మళ్ళీ తలుపు ఊడదీసి గంజి కాచింది. ఆకుపచ్చ రవికకి ఇంకో చెయ్యి మిగిలే ఉంది.

"ఇప్పుడెవరికే?" అంది నాయనమ్మ.

సూజెన్ కాగితం మీద తన పాదమే పెట్టి, చుట్టూ బొగ్గుతో గీత గీసింది.